రేచీకటి, స్టెమ్ సెల్స్, ఎడమ కన్ను: ఒక కేసు

ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి టేబుల్ మీద పెట్టాడు. ఎడమ కంటి స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్‌కు యాభై వేలు అడ్వాన్సు కట్టిన రసీదు అది. తేదీకి ఇంకా మూడు వారాలుంది. కుడి కంటికి పది వారాల కిందట అక్కడే ఇంజెక్షన్ అయింది. ఇప్పుడు ఆ కంటితో మీటరు దూరంలో నేను చూపిస్తున్న వేళ్లు లెక్కపెట్టడమే కష్టంగా ఉంది.

"ముందు ఈ కన్ను కొంచెం సరిచేసి పంపండి సార్. ఆ కంటికి మళ్లా పోవాల" అన్నాడు.

నేను తిరుపతిలో రెటీనా (కంటి లోపల వెనక ఉండే తెర) డాక్టర్ని. ఈ కేసు రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఇంజెక్షన్ ఇచ్చిన చోటు వేరే ఊళ్లో ఉంది. పేరు రాయను. ఆ పేరు రాసినందువల్ల లాభం లేదు, రేపు ఇంకో బోర్డుతో ఇంకో చోట తెరుస్తారు.

వయసు 34. చిత్తూరు దగ్గర పల్లె. ఇంట్లో నాలుగు ఆవులు. తెల్లవారుజామున నాలుగింటికి పాలు పిండి, క్యాన్లు బండికి కట్టుకుని పాల కేంద్రానికి పోవడం, అక్కడ ఫ్యాట్ రీడింగులు రాయడం ఆయన పని. చిన్నప్పటి నుంచీ రేచీకటి. పదో తరగతిలో ట్యూషన్ నుంచి ఇంటికి చెల్లెలి చెయ్యి పట్టుకుని వచ్చేవాడట. పాతికేళ్లు దాటాక పక్కల చూపు తగ్గుతూ వచ్చింది. భార్య చెప్పిన మాటను ఫైల్లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను: "బియ్యంలో రాయి ఏరతాడు సార్, గడపకు కొట్టుకుంటాడు." రెటినైటిస్ పిగ్మెంటోజాను, అంటే మేం ఆర్‌పీ అని పిలిచే జబ్బును, ఇంత సూటిగా చెప్పిన వాక్యం నేను పాఠ్యపుస్తకాల్లో చదవలేదు.

రెటీనాలో రెండు రకాల వెలుగు పట్టే కణాలుంటాయి. రాడ్స్ సుమారు 12 కోట్లు. మసక వెలుతురులో చూపు, పక్కల చూపు వీటి పని. కోన్స్ ఒక 60 లక్షలు. పగటి చూపు, రంగులు, సన్న అక్షరాలు వీటివి. ఆర్‌పీలో ముందు రాడ్స్ చస్తాయి. అందుకే మధ్యలో చూపు గొట్టంలోంచి చూసినట్టు మిగిలి, చుట్టూ చీకటి కమ్ముకొస్తుంది. చాలా ఏళ్లకు కోన్స్ కూడా వాటి వెంటే పోతాయి. ప్రపంచం మొత్తం మీద దాదాపు నాలుగు వేల మందిలో ఒకరికి ఉండే జబ్బు. మన దక్షిణాదిలో ఇంకా ఎక్కువగా చూస్తాం. ఈయన తల్లిని సొంత మేనమామకే ఇచ్చారు. ఇలాంటి రకం ఆర్‌పీలో, లోపమున్న జన్యువు ఒక కాపీ ఉన్న మనిషికి ఏమీ కాదు. అదే లోపం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ బిడ్డకు చేరితేనే జబ్బు. మేనరికాల్లో ఆ అవకాశం పెరుగుతుంది.

ఇక నా తప్పు. అయిదేళ్ల కిందట ఈయన ఒకసారి నా దగ్గరికి వచ్చాడు. పాత ఫైల్ తెప్పించి చూశాను. నా చేతిరాతలో మూడే లైన్లు. చూపు రెండు కళ్లకూ 6/12 (మామూలు కన్ను 12 మీటర్ల నుంచి చదివేది ఈయన 6 మీటర్ల నుంచి చదువుతాడని). ఆర్‌పీ. వైద్యం లేదని వివరించాను. అంతే. ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) తీయలేదు, ఫీల్డ్ టెస్ట్ (చుట్టూ ఎంత వెడల్పు కనిపిస్తుందో కొలిచేది) చేయించలేదు, బండి నడుపుతున్నావా అని అడగలేదు. సోమవారం ఓపీ అయ్యుంటుంది. బ్రహ్మోత్సవాల్లో క్యూలాగా ఉంటుంది మా సోమవారం. నాలుగు నిమిషాల్లో పంపేసి ఉంటాను. "మందు లేదు" అన్న మాట నావరకూ అబద్ధం కాదు. కానీ ఇరవై తొమ్మిదేళ్ల మనిషి ఆ మాట పట్టుకుని ఎంతకాలం కూర్చుంటాడు? ఆ తర్వాత నాటు మందు, ఎవరో చెప్పిన ఆకు పసరు, చివరికి వాట్సాప్‌లో వచ్చిన వీడియో. వీడియోలో ఒక పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ మనవరాలి మొహం కనపడుతోందని చెప్తుంది. రెండు ఆవులు అమ్మి, చెల్లెలి నగలు తాకట్టు పెట్టి రెండున్నర లక్షలు కట్టాడు.

అక్కడ చేసింది ఇది. తుంటి ఎముకలోంచి మజ్జ తీశారు. మిషన్‌లో తిప్పి కణాలు వేరు చేశారు. అదే మధ్యాహ్నం కుడి కంట్లోకి, మధ్యలో ఉండే విట్రియస్ జెల్‌లోకి ఎక్కించారు. మొదటి వారం వెలుగు పెరిగినట్టే అనిపించిందట. ఆరో వారం నుంచి నల్లటి తెరలు, గీతలు వంకర. ఫోన్ చేస్తే "కణాలు పని మొదలుపెట్టాయి, అలాగే ఉంటుంది" అన్నారట.

పరీక్షలో కుడి కన్ను: రెటీనా మీద తెల్లటి పొర అల్లుకుని, ముడుచుకుని, రెటీనాను గోడ నుంచి లాగేసింది. ట్రాక్షనల్ డిటాచ్‌మెంట్. మజ్జ కణాలు జెల్‌లో పడ్డాక రెటీనా కణాలుగా మారవు. కొన్ని కళ్లలో మచ్చ కట్టే కణాల్లా ప్రవర్తించి పొర అల్లుతాయి. ఎడమ కన్ను: 6/36. అంచుల్లో ఎముక పొడి చల్లినట్టు నల్ల మచ్చలు, సన్నబడ్డ రక్తనాళాలు, పాలిపోయిన నరం, ఆర్‌పీలో ఉండేవన్నీ. రెటీనా విద్యుత్ స్పందన చూసే ఈఆర్‌జీ దాదాపు గీత. కానీ ఓసీటీ చూసి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. మాక్యులా, అంటే రెటీనా నడిబొడ్డు, నీటి బుడగలతో ఉబ్బి ఉంది. పైగా లెన్స్ వెనక పొర మీద శుక్లం.

ఈ రెండూ ఆర్‌పీతో పాటు తరచుగా వచ్చేవే. రెండింటికీ మందో ఆపరేషనో ఉంది. ఆయన ఎడమ చూపు తగ్గడంలో కొంత భాగం తిరిగొచ్చే భాగం. ఆ కంట్లోకే ఇంకో మూడు వారాల్లో మజ్జ ఎక్కించబోతున్నారు.

ఇక్కడ "వద్దు" అని గట్టిగా చెప్పి పంపేయొచ్చు. ఒకసారి అలాగే పంపాను కదా. ఈసారి మధ్యాహ్నం భోజనం టైమ్‌లో ఆయన్నీ, భార్యనీ, చెల్లెల్నీ కూర్చోబెట్టాను.

"ఏమప్పా, మీ పాకలో పేడ ఎవరు తీస్తారు?" అని అడిగాను.

వింతగా చూశాడు. "మా యమ్మ సార్."

"అమ్మ నెల్లాళ్లు తీయకపోతే?"

"ఆవులకు రోగాలొస్తాయి. మేత కూడా ఆమే వేస్తాది."

రెటీనా కింద ఒక పొర కణాలుంటాయి, ఆర్‌పీఈ అంటారు. రాడ్స్, కోన్స్ ఆవులైతే ఇది పాక చూసుకునే మనిషి. ప్రతి రాడ్ తన కొనలోని పాత పళ్లాల్లాంటి పొరలను రోజూ వదిలేస్తుంది. ఆర్‌పీఈ వాటిని మింగి శుభ్రం చేస్తుంది, కింది రక్తనాళాల నుంచి మేత అందిస్తుంది. సుమారు పదిరోజుల్లో రాడ్ కొన మొత్తం కొత్తదై ఉంటుంది. పెద్ద వయసులో వచ్చే మాక్యులా జబ్బు ఏఎండీలో ముందు దెబ్బతినేది ఎక్కువగా ఈ పాక మనిషే. ఆవులు ఇంకా కొన్ని బతికి ఉండగా కొత్త మనిషిని పెడితే మందను కాపాడొచ్చు. స్టెమ్ సెల్స్‌తో రెటీనాలో ఇప్పటిదాకా జరిగిన గట్టి పని దాదాపు అంతా దీని మీదే.

1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ మనిషి పిండ మూలకణాలను మొదటిసారి పెంచాడు. 2006లో జపాన్‌లో యమనాకా ఎలుక చర్మకణాలను నాలుగు జన్యువులతో వెనక్కి తిప్పి మూలకణాలుగా మార్చాడు, వీటినే ఐపీఎస్ కణాలంటారు. మరుసటేడు మనిషి కణాలతోనూ చేశాడు. 2012లో నోబెల్ వచ్చింది. 2014 సెప్టెంబరులో కోబేలో మసాయో తకహాషి బృందం ఏఎండీ ఉన్న ఒక వృద్ధురాలి చర్మకణాల నుంచి ఈ ఐపీఎస్ కణాలు చేసి, వాటిని ఆర్‌పీఈ పొరగా పెంచి, రెటీనా కింద పరిచింది. ఏడాది తర్వాత పొర బతికే ఉంది. చూపు పెరగలేదు, తగ్గలేదు. రెండో పేషెంటు కోసం పెంచిన కణాల్లో జన్యు మార్పులు కనపడితే ఆపరేషనే ఆపేశారు. పిండ మూలకణాల నుంచి పెంచిన ఆర్‌పీఈ ముక్కను తడి ఏఎండీ (రక్తనాళాలు కారే రకం) ఉన్న ఇద్దరికి అమర్చిన ఫలితాలను 2018లో లండన్ బృందం ప్రకటించింది. వాళ్లిద్దరికీ చదివే చూపు మెరుగైంది. మన దగ్గర బెంగళూరులో ఐస్టెమ్ అనే సంస్థ తయారుచేసిన ఆర్‌పీఈ కణాలు పొడి ఏఎండీ పేషెంట్లలో ట్రయల్ దశలో ఉన్నాయి.

ఆయన మధ్యలోనే అందుకున్నాడు. "అంటే నాకు పాక మనిషి బాగానే ఉండాది, ఆవులే పోయినాయి అంటారు."

సరిగ్గా అదే. (అన్ని ఆర్‌పీలూ ఇలా ఉండవు. కొన్ని జన్యువుల్లో జబ్బు పాక మనిషి దగ్గరే మొదలవుతుంది. ఆయనది అది కాదని తర్వాత జన్యు పరీక్షలో తేలింది.)

"కొత్త ఆవుల్ని తెచ్చి కట్టలేరా?"

దీనికి జవాబు నాకూ కష్టమే. కట్టడమంటే పాకలో నిలబెట్టడం ఒక్కటే కాదు. కొత్త రాడ్ రెటీనా లోపలి నరాల కణంతో జత కట్టాలి, లేకపోతే వెలుగు పట్టినా మెదడుకు కబురు పోదు. 2006లో లండన్‌లో రాబిన్ ఆలీ బృందం ఎలుకల్లో లేత రాడ్ కణాలను నాటి, అవి కలిసిపోయాయని చూపించింది. మెరిసే గుర్తు పెట్టిన కణాలు రెటీనాలో వరసలో నిలబడి కనిపించాయి. పదేళ్లపాటు అందరం దాన్నే నమ్మాం. 2016లో వేర్వేరు బృందాలు మళ్లీ తరచి చూస్తే, మెరుస్తున్నవాటిలో చాలావరకు ఎలుక సొంత పాత కణాలేనని తేలింది. నాటిన కణాలు తమ లోపలి ప్రోటీన్లను, ఆ మెరుపుతో సహా, పక్కనున్నవాటికి అందించాయట. పక్కింటి పసుపు అంటుకుని ఈ ఇంటి గడప పచ్చబడ్డట్టు. ఆ పేపర్లు చదివిన రోజు నాకు నిరుత్సాహం వేసింది, కానీ అదీ ఒక దారే కదా అనీ అనిపించింది.

ఆర్‌పీకి దగ్గరగా వచ్చిన ప్రయత్నం కూడా కోబేదే. ఐపీఎస్ కణాల నుంచి లేత రెటీనా పలకలు పెంచి, 2020లో బాగా ముదిరిన ఆర్‌పీ ఉన్న ఇద్దరికి నాటారు. రెండేళ్లు చూసి 2023లో ప్రకటించారు: పలకలు బతికి ఉన్నాయి, ప్రమాదం లేదు. ఇద్దరంటే ఇద్దరు. ఇదంతా చెప్పి, "నీకు అబద్ధం చెప్పను, ఇది జరుగుతుందేమో, నీ వయసుకు అందుతుందేమో కూడా. కానీ తుంటి మజ్జతో జరగదు" అన్నాను. చిత్తూరు మనిషికి మామిడి అంటు సంగతి చెప్పక్కర్లేదు కదా. వేప గింజ పాతి తోతాపురి కాయకు ఎదురుచూసినట్టు. మజ్జలోని మూలకణం రక్తం తయారుచేయడానికి పుట్టింది. బ్రెజిల్‌లో ఆర్‌పీ పేషెంట్లకు మజ్జ కణాలతో పద్ధతిగా అధ్యయనం చేశారు. మూడు నెలలప్పుడు బాగుందన్నారు, ఏడాదికల్లా ఆ తేడా లేదు.

చెల్లెలు తెలివైన పిల్ల. ఫోన్ తీసి, "హైదరాబాద్‌లో స్టెమ్ సెల్స్‌తో చూపు తెప్పించినారని పేపర్లో వచ్చింది సార్" అంది. వచ్చింది, నిజమే. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుంచీ చేస్తున్నారు. అది నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, కార్నియా. సున్నం పడి కళ్లు కాలిన పిల్లలకు మంచి కంటి నల్లగుడ్డు అంచు నుంచి మూలకణాలున్న చిన్న ముక్క తీసి నాటుతారు. అక్కడ మూలకణం తన సొంత పనే చేస్తుంది, సొంత చోటే. కంటి ముందు భాగంలో గెలిచిన పేరును వెనక భాగానికి అంటించి అమ్ముతున్నారు. ఈ గందరగోళం నా ఓపీలో వారానికొకసారి వింటాను.

చివరికి ఆయన్ను ఆపింది నా ఉపమానాలు కావనుకుంటా. 2017 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో రెండు రిపోర్టులు వేసింది. ఒకటి కోబే వృద్ధురాలిది. రెండోది అమెరికాలోని ఫ్లోరిడాలో ముగ్గురు ఆడవాళ్లది. పొట్ట కొవ్వులోంచి తీసిన కణాలను రెండు కళ్లలోకీ ఒకే రోజు ఎక్కించుకుని ముగ్గురూ చూపు పోగొట్టుకున్నారు. తలా 5000 డాలర్లు కట్టారు. ఆ క్లినిక్ పేరు అమెరికా ప్రభుత్వ ట్రయల్స్ వెబ్‌సైట్‌లో నమోదై కూడా ఉండేది. ఆ రెండో రిపోర్టులోని ఓసీటీ బొమ్మనూ, ఆయన కుడి కంటి ఓసీటీనీ పక్కపక్కన పెట్టాను. భార్య చూసి రసీదు తీసుకుని చించబోయింది. వద్దన్నాను, అది సాక్ష్యం.

అప్పుడు వాళ్లకు మూడు విషయాలు కాగితం మీద రాసిచ్చాను. నిజమైన ట్రయల్‌లో చికిత్సకు పేషెంటు డబ్బు కట్టడు. కొత్త చికిత్సను ముందు చూపు తక్కువున్న కంటికే చేస్తారు, చూపున్న కంటి జోలికి పోరు. వెబ్‌సైట్‌లో పేరు నమోదైతే అనుమతి వచ్చినట్టు కాదు. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, రక్త జబ్బుల్లాంటి ఆమోదించిన కొన్నింటికి తప్ప, ట్రయల్ బయట స్టెమ్ సెల్ చికిత్స అమ్మడమే అనైతికం. అడ్వాన్సు వెనక్కి ఇమ్మని రాశారు, జవాబు లేదు. ఫిర్యాదు కూడా పెట్టారు.

కుడి కంటికి వారంలోపే విట్రెక్టమీ, అంటే విట్రియస్ జెల్ తీసేసే ఆపరేషన్, చేశాను. పొర ఒలుస్తుంటే తడిసిన టిష్యూ పేపర్ మీద నుంచి జిగురు తీస్తున్నట్టుంది. ఆర్‌పీ రెటీనా అంత పలచన. రెటీనాను అదిమి పట్టడానికి సిలికాన్ ఆయిల్ నింపి, నాలుగు నెలలకు తీసేశాను. రెటీనా అతుక్కుంది. చూపు 2/60 దగ్గర ఆగింది. ఇంజెక్షన్‌కు ముందు ఆ కంటికి 6/24 ఉండేదని వాళ్ల ఊరి కళ్లద్దాల షాపు చీటీలో ఉంది.

ఎడమ కంటి వాపుకు డోర్జోలమైడ్ 2 శాతం చుక్కలు, రోజుకు మూడుసార్లు. మామూలుగా గ్లకోమాకు (కంటి ప్రెషర్ జబ్బుకు) వాడే మందు. దీనివల్ల ఆర్‌పీ ఆగదు, ఉబ్బిన నీరు మాత్రమే తగ్గుతుంది. కొందరికి అదీ తగ్గదు. ఈయనకు మూడో నెలకు ఓసీటీలో బుడగలు సగానికి పైగా పోయాయి, చూపు 6/18కి వచ్చింది. శుక్లం ఆపరేషన్‌కు మాత్రం తొందరపడలేదు. ఆర్‌పీ కళ్లలో లెన్స్‌ను పట్టుకునే దారాలు బలహీనం, ఆపరేషన్ తర్వాత వాపు తిరగబడొచ్చు. చూపున్న కన్ను అదొక్కటే. ఏడో నెలలో చేశాను. చేసిన రోజు రాత్రి నేను సరిగ్గా నిద్రపోలేదు. ఇప్పుడు 6/12. ఫీల్డ్ మాత్రం 10 డిగ్రీల లోపే. అది మారలేదు, మారదు.

ఆ 10 డిగ్రీల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే డాక్టర్లే మర్చిపోతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అంధత్వాన్ని అక్షరాల చార్టుతో మాత్రమే కొలవరు. సరిచేశాక కూడా మెరుగైన కంటి ఫీల్డ్ 10 డిగ్రీల లోపుంటే అది అంధత్వమే, చార్టులో 6/12 చదివినా సరే. 10 నుంచి 40 మధ్య ఉంటే లో విజన్. ఈయన అంతకుముందు ఒకసారి సదరం క్యాంపుకు పోతే "నీకు బాగానే కనిపిస్తోందే" అని వెనక్కి పంపారట. ఈసారి ఫీల్డ్ టెస్ట్ ప్రింటు జతచేసి పంపాను, సర్టిఫికెట్ వచ్చింది. పింఛను 2024 జులై నుంచి నెలకు 6000 కదా. అమ్మిన ఆవులు తిరిగి రావు గానీ, తాకట్టు వడ్డీకి సరిపోతోంది.

బండి మానేశాడు. ఇది చెప్పినప్పుడు మాత్రం ఏడ్చాడు, కన్ను పోయిందన్నప్పుడు ఏడవలేదు. ఇప్పుడు క్యాన్లు భార్య ఎక్సెల్ బండి మీద తీసుకుపోతుంది, ఆయన వెనక కూర్చుని పోయి రీడింగులు చూస్తాడు.

జన్యు పరీక్షలో లోపం ఆర్‌పీఈ65 అనే జన్యువులో కాదని తేలింది. అదైతే 2017 డిసెంబరులో అమెరికా అనుమతించిన లక్స్‌టర్నా అనే జన్యు చికిత్స గురించి మాట్లాడేవాళ్లం, రెండు కళ్లకు ఎనిమిదిన్నర లక్షల డాలర్లనే సంగతి పక్కనపెట్టి. అయితే ఫలితాల కాగితం వేరే పనికి వచ్చింది. చెల్లెలికి తన మేనమామ కొడుకు సంబంధం అనుకుంటున్నారు. ఇద్దరికీ పరీక్ష చేయించాం. చెల్లెలు వాహకురాలు, అంటే లోపం ఒక కాపీ ఉంది. అబ్బాయిలో ఆ లోపం లేదు. పెళ్లి వైశాఖంలో.

మూడు నెలలకోసారి ఓసీటీకి వస్తాడు. వచ్చినప్పుడల్లా "జపానోళ్లు ఏమన్నారు సార్?" అని అడుగుతాడు, నాకు తెలిసిందేమైనా ఉంటే చెప్తాను. ఒకోసారి ఏమీ ఉండదు. పోయిన నెల వాళ్ల ఊరి పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. పెద్దాయన ఫోన్లో అదే వీడియో, అదే ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. నేను లోపల వేరే పేషెంటును చూస్తుంటే బయట బెంచీ మీద ఆయన గొంతు వినపడుతోంది: "నీది పేడ తీసే మనిషి జబ్బేమో మామా, నాది ఆవుల జబ్బు. డబ్బు మాత్రం కట్టొద్దు."

చూస్తే పెద్దాయనది రెండూ కాదు. బాగా ముదిరిన శుక్లం. గురువారం ఆపరేషన్‌కు రాశాను.